పడాల్సిన గోడ

గోడలు కట్టడంలో ఆరితేరిన మా నాన్నకి,

నీ చిన్న కూతురు మిక్కిలి కోపంతో రాయు ఫిర్యాదు. ఫోన్ చేస్తే "సైట్లో ఉన్నానమ్మా, తర్వాత" అని పెట్టేస్తావు. కాగితానికి ఆ సదుపాయం లేదు కాబట్టి చదువు.

మొన్నటి చర్చి నాటకంలో యెరికో కోటగోడ నేను చేశానని నీకు తెలుసు. నీకు తెలియనిది, తెలుసుకోవాలని నువ్వు అనుకోనిది, ఆ గోడ పడాలని. యెహోషువ తన జనంతో ఏడుసార్లు చుట్టూ తిరగాలి, బూరలు ఊదాలి, అందరూ కేక వెయ్యాలి, గోడ కూలాలి. కథంతా అంతే. గోడ కూలకపోతే అది నాటకం కాదు, సాయంత్రపు నడక.

ఆరువారాలు కిరాణా కొట్ల వెంట తిరిగి అట్టపెట్టెలు అడుక్కున్నాను. మైదా ఉడకబెట్టి, పాత పేపర్లు అతికించి, ఇటుకపొడి కలిపిన రంగు వేసి రాళ్ళు చేశాను. పక్కపక్కన పదకొండు నిలువు దొంతరలు. దేనికది విడిగా నిలబడాలి, ముందుకి రెండు వేళ్ళ వాలు ఉండాలి. వెనక తాడు పట్టి ఉంచుతుంది, వదిలితే వరసగా కూలతాయి. ఇంట్లో పందొమ్మిదిసార్లు కూల్చి చూశాను. ఇరవయ్యోసారి అమ్మ చీపురు ఎత్తింది.

నాటకం రోజు పొద్దున్నే నువ్వు బస్సు దిగావు. నేను ఇంట్లో గరాటాలకి బంగారు కాగితం చుట్టి బూరలు చేస్తుంటే, నువ్వు తిన్నగా హాలుకి వెళ్ళావు. "జాయింటు మీద జాయింటు! ఇదేం గోడరా బాబూ, పిల్లల మీద పడుతుంది" అన్నావట. మొత్తం విప్పి, ఇటుక వరసలాగా జాయింట్లు తప్పించి పేర్చి, నా బకెట్లో మిగిలిన మైదా జిగురంతా రాసి, కింద అట్టముక్కలు దోపి, రసమట్టం పెట్టి మరీ నిలబెట్టావు. అమ్మ తర్వాత చెప్పింది: "పాపం, భోజనానికి కూడా రాలేదే మీ నాన్న."

నాకేం తెలుసు? ఆఖరి నిమిషంలో బూరలు పంచి, వెనక తలుపు నుంచి దూరి, చీకట్లో తాడు పట్టుకున్నాను. ఏడో చుట్టు అయింది. యెహోషువ వేషం కట్టిన దర్జీ మామయ్య "కేక వెయ్యండి, పట్టణం మనది!" అని అరిచాడు. తాడు వదిలాను. గోడ మాత్రం కదలలేదు. ఎనిమిదో చుట్టు తిరిగారు. ఎనిమిదో చుట్టుకి బైబిల్లో చోటు లేదు నాన్నా. తొమ్మిదోసారి మామయ్య భుజంతో గెంటాడు. గోడంతా ఒక్క ముక్కగా, బీరువా జరిగినట్టు, జానెడు జరిగి ఆగింది. హాలంతా నవ్వు. పాస్టరుగారు మైకందుకుని, "లోపలివాళ్ళే తలుపు తీశారనుకుందాం" అన్నారు.

అప్పుడు ముందు వరసలోంచి ఒక గొంతు: "చూశారా! అట్టపెట్టెలైనా సరే, కట్టుబడంటే అదీ!"

ఆ గొంతు ఎవరిదో నేను చెప్పాలా?

నా ఏడుపు గోడ గురించి కాదు. ఏడో తరగతిలో పిట్టగూడు చేశాను, తెల్లారేసరికి దానికి కొత్త కప్పు. డిగ్రీలో కాగితపు దీపం చేశాను, దానికి ఇనప కాడ. అన్నీ గట్టిపడ్డాయి, ఏదీ నాది కాలేదు. నేను చేసింది నేను చేసినట్టుగా నువ్వు ఒక్కసారైనా చూడాలని, సెలవు పెట్టించి మరీ పిలిచాను. గోడ కూలగానే నీ పక్కన కూర్చుని ఒక మాట అడుగుదామనుకున్నాను. నాటకాల బృందం వాళ్ళు రంగస్థలం సామాను చేసే పనికి నన్ను రమ్మన్నారు. ఇప్పుడు అడగడం లేదు, చెబుతున్నాను. చేరుతున్నాను. నీ కాంట్రాక్టరు ఆఫీసులో నాకని నువ్వు మాట్లాడిపెట్టిన కుర్చీ ఇంకెవరికైనా వెయ్యమను. అది కూడా గట్టిదే అయి ఉంటుంది.

ఇట్లు,
కూలని కోట కింద నలిగిన నీ చిన్నది

*

చిన్నమ్మాయికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాకూ కోపం వచ్చింది. పడటానికే కట్టానని ఒక చీటీ రాసి అంటించొచ్చు కదే! తాడు చూశాను. బట్టలారేసుకునేదనుకున్నాను.

ముప్పై ఏళ్ళుగా పడకుండా కట్టమన్నవాళ్ళే గానీ, పడేలా కట్టమన్నవాళ్ళు నాకు ఒక్కరూ తగల్లేదు. అయినా అడగాల్సింది. విప్పుతున్నప్పుడు ప్రతి దొంతరకీ లోపల నువ్వు వేసిన నంబర్లు కనబడ్డాయి. చేతిలో పని ఆపి, "ఇదెందుకు?" అని నిన్ను పిలవాల్సింది. పిలవలేదు. పిట్టగూడు సంగతి నాకు గుర్తే లేదు. నీకుంది. అది ఇంకా తప్పు.

కాంట్రాక్టరుకి చెప్పేశాను, మా అమ్మాయికి వేరే పని కుదిరిందని. ఏం పని అన్నాడు. సరిగ్గా చెప్పడం నాకు రాలేదు. వచ్చాక నేర్పు.

ఇక్కడ మెట్ల పక్కన పాత గోడ ఒకటి పడగొట్టాలి. ఒకవైపు కొత్త కిటికీలు, ఇంకోవైపు నీళ్ళ గొట్టాలు. ఎటు పడినా నష్టమే. నువ్వన్నట్టు నిలువుగా దొంతరలు కోసి, ఒక్కోదాన్ని తాడు మీద దించొచ్చేమో అని తట్టింది. అవునో కాదో నాకు తెలియదు. శనివారం రాగలవా? నువ్వొచ్చి చూసేదాకా ఎవర్నీ దానిమీద చెయ్యి వెయ్యనివ్వను.

నేనూ వెయ్యను.

నాన్న