డాలియా దుంపలు తవ్విన రోజు

అక్కా, నేను కులాసాగానే ఉన్నాను, దిగులు పడకు.

నువ్విచ్చిన డాలియాలు బాగా పూశాయి. నిన్న పక్కింటి దర్జీ గోడ మీంచి చూసి, "రేపోమాపో మంచు పడుతుందమ్మా. దుంపలు కుళ్లిపోతాయి, తవ్వి లోపల పెట్టుకో" అన్నాడు. ఈ ఊరొచ్చిన ఆరు నెలల్లో, మా ఆసుపత్రిలో పనిచేసేవాళ్లు కాక నన్ను పలకరించిన మొదటి మనిషి ఆయనే. ఇంకాసేపు మాట్లాడతాడేమోనని, ఎలా తవ్వాలో తెలిసీ అడిగాను. ఓపిగ్గా చెప్పి లోపలికి వెళ్లిపోయాడు.

పదకొండు దుంపలు పొడి ఇసుకలో పెట్టి మంచం కింద దాచాను. ఒకటి పార తగిలి తెగింది. అంతమాత్రానికే అక్కడే కూలబడి ఏడ్చాను. అది బతుకుతుందా? బూడిద పూయనా?

బావగారి మోకాలు ఎలా ఉంది? చంటిదానికి స్వెట్టర్ అల్లుతున్నాను, చేతుల కొలత రాయి. దానికి ముద్దులు, బావగారికి నమస్కారాలు.

ఈసారి కార్డు వద్దు, కవరు రాయి. కార్డయితే గేటు నుంచి గుమ్మం చేరేలోపే చదవడం అయిపోతోంది.

నీ చెల్లి