డబ్బాకు కట్టిన నమూనా

అత్తమ్మా,

“సదువు రాని నాకు ఉత్తరమేందే?” అని నవ్వుతావు. నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ సంగతి మాత్రం నీకే చెప్పాలి. మన పంపుసెట్ల సామాన్ల దుకాణానికి కంప్యూటర్ కొన్నాను.

అమ్మేవాళ్లలో మొదట వచ్చినాయన ప్రతి సామానునూ ఇంగ్లీషు పేరుతోనే ఎక్కించాలన్నాడు. సరేననబోయాను. రెండో ఆయన వచ్చిన రోజు, కర్ణాటక సరిహద్దు న్యాల్‌కల్ నుంచి రైతొకాయన అరిగిపోయిన వాషర్ పట్టుకొచ్చాడు. ఆయనకు కన్నడం తప్ప వేరే భాష రాదు. దాన్ని, నువ్వు ఒక్కో డబ్బాకు నంబరు వేసి తీగతో కట్టిన నమూనాలతో పోల్చుకుని, నలభై ఒకటో నంబరు డబ్బా చూపించాడు.

కంప్యూటరాయన డబ్బాల దగ్గరే నిలబడిపోయాడు.

“అమ్మా, పేర్లతోని పనే లేదు. గీ నంబర్లే కంప్యూటర్ల ఎక్కిస్త. ఎవరు పెట్టిన్రు గీ పద్ధతి?”

“మా అత్తమ్మ. ఆమెకు అంకెలు తప్ప అక్షరాలు రావు.”

కంప్యూటర్ ఆయన దగ్గరే తీసుకున్నాను.

కాపురానికొచ్చిన కొత్తలో, నలుగురూ నవ్వుతారని ఆ తీగలు సగం తెంపేశాను. నువ్వు కూర్చుని మళ్లీ కట్టావు.

ఇవాళ కొత్త సామాను దిగింది. కంప్యూటర్‌లో ఎక్కించే ముందు, ఒకటి తీసి డబ్బాకు కట్టాను.

నీ కోడలు