చిన్న తిరుపతి మొక్కు

కోడూరు

చి.ల.సౌ. మాధవికి,

మీ అత్త దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం కులాసా, మీ మావయ్యగారి మోకాలు ఒక్కటే కాస్త సణుగుతోంది. గుడివాడలో నువ్వూ వేళకు తిని పడుకుంటున్నావని తలుస్తాను. హాస్టల్లో ఫోన్ ఉండనివ్వరంటే నీ మొగుడు శివ గొణిగాడు గానీ, నాకు బాగానే ఉంది. ఏడో తరగతితో ఆగిన నా రాత నీ నర్సింగు చదువు పుణ్యమా అని మళ్ళీ మొదలైంది.

నువ్వు అడిగినవాటికి చెబుతాను. సముద్రం మీద చేపల వేట బాగానే సాగుతోంది. శివ చిక్కిపోలేదు, ఆ మాట ఎవరు మోశారో గానీ. ద్వారకా తిరుమల ప్రయాణం రెండో ఆదివారం. శనివారమైతే జనంలో నలిగిపోతాం. మేం ముగ్గురం తెల్లవారుజామునే బస్సెక్కి, బందరు మీదుగా గుడివాడ వచ్చేసరికి తొమ్మిదవుతుంది. నువ్వు బస్టాండులో ఉండు. ఆధార్ కార్డు మరిచిపోకు, గది ఇవ్వరు. మీ మావయ్య అప్పుడే సంచి సర్ది మేకుకు తగిలించారు. ఇంకా పన్నెండు రోజులుందండీ అంటే, "ఉంటే ఉండనీవే, సంచేమన్నా అన్నం అడుగుద్దా" అన్నారు.

పెద్ద తిరుపతికే వెళ్ళొచ్చు కదా అన్నావు. పెద్ద తిరుపతి మొక్కు చిన్న తిరుపతిలో తీర్చుకోవచ్చు గానీ, చిన్న తిరుపతి మొక్కు ఆ ద్వారకా తిరుమలలోనే తీర్చాలంటారు. నేను మొక్కింది అక్కడికే.

ఆ మొక్కేమిటని కూడా అడిగావు. అది చెప్పలేకే ఇంతసేపు సంచీల గురించి రాశాను.

మీ పెళ్ళైన ఏడాది వచ్చిన తుఫానులో శివ బోటు రెండు రోజులు జాడ లేదు గుర్తుందా? నువ్వు గుమ్మంలో కూర్చుండిపోయావు. నేను పాలకాయతిప్ప ఒడ్డున నిలబడి, వాణ్ణి ఒడ్డుకు చేర్చు స్వామీ, మా కోడలి తలనీలాలు ఇస్తానని మొక్కాను. నావి కాదు, నీవి. నా తలలో ఉన్నది పిడికెడు నెరిసిన జుట్టు. ఇంట్లో ఉన్నవాటిలో మంచిదేదో ఇవ్వాలనిపించింది, నీ జడ గుర్తొచ్చింది. మూడో రోజు వాడు వచ్చాడు. నీ తలకు నూనె పెట్టిన ప్రతిసారీ చెబుదామనుకుని, దువ్వెన పక్కన పెట్టి మధ్యలోనే లేచిపోయేదాన్ని. నా కొడుకు కోసం నీ తల తాకట్టు పెట్టాను. నీకూ మొగుడే కదా అని సర్దిచెప్పుకున్నాను గానీ, నిన్ను అడగకపోవడం తప్పే. సిగ్గుగా ఉంది మాధవీ.

పంతులుగారిని అడిగాను. "ఆడవాళ్ళు మూడు కత్తెరలిచ్చినా చాలమ్మా. కానీ ఆ అమ్మాయి మనస్ఫూర్తిగా ఇవ్వాలి" అన్నారు. ఇస్తానంటే జడ కొసన ఆ మూడు కత్తెరలే. ఇవ్వనంటే నీ జోలికి ఎవరూ రారు. నేను గుండు చేయించుకుని, కోపమొస్తే నా మీదే రమ్మని స్వామికి చెప్పుకుంటాను. శివకీ మీ మావయ్యకీ ఈ సంగతి తెలియదు. నీ మాట వచ్చేదాకా చెప్పను కూడా.

ఏ సంగతైనా బస్టాండుకి మాత్రం రా. పక్కింటి రావమ్మ గుడివాడ వస్తుంటే ఈ ఉత్తరంతో పాటు కొబ్బరినూనె సీసా పంపుతున్నాను. ఇవ్వనన్నా అది నీకే. సగం ఉంచు, కొండ మీద గదిలో నేను పెడతాను. ఈసారి మధ్యలో లేవను.

ఇట్లు,
నీ అత్తయ్య
సత్యవతమ్మ