ఎడమవైపు జేబు

అమ్మా,

బాగున్నావా? నువ్వు పోయి పదకొండు నెలలు. ఇన్నాళ్ళూ రాయలేదేంటి అంటావేమో... కోపంతో రాయలేదు. నీ మీదే కోపం.

తెనాలిలో నీ కుట్టు కొట్టు ఖాళీ చేద్దామని మొన్న బాపట్ల నుంచి వచ్చాను. మిషనుకి బేరం కూడా కుదిరింది. తాళం తీయగానే ఏం కనిపించిందో తెలుసా? నీలం గౌన్ల కట్ట. కత్తిరించి, కుట్టకుండా వదిలేసినవి. మళ్ళీ ఆ జాంబియా పిల్లలే!

ఒళ్ళు మండిపోయింది. రేపల్లెలో నీతో చదువుకున్న సుగుణ టీచరు, ఆఫ్రికా వెళ్ళి ఆ జాంబియా పల్లెటూరి బడిలో తన పాఠాలేవో తను చెప్పుకోవచ్చుగా! యూనిఫాం లేక ఆడపిల్లలు బడి మానేస్తున్నారని నీకెందుకు చెప్పాలి? చెప్పిందే అనుకో, ఏళ్ళ తరబడి నువ్వు ఊరికే కుట్టి పంపాలా? జ్వరమొచ్చినా మిషను ముందు నుంచి లేవలేదు. నేను ఫోన్ చేస్తే "పిల్లల గౌన్లున్నాయే, తర్వాత మాట్లాడతా" అనేదానివి. మరి నేనెవరి పిల్లనమ్మా?

దర్జీ కూతుర్నే. అయినా నా ఒంటి మీద ఎప్పుడూ ఎవరో ఇచ్చిన పాత బట్టలే, కుట్లు విప్పి బిగించినవి. కొత్త గుడ్డతో ఒక్కటంటే ఒక్క గౌను కుట్టావు, రెండో తరగతిలో. "ఎడమచేతి వాటం పిల్లవి, జేబు అటువైపే ఉండాలి" అన్నావు. అది నీకెక్కడ గుర్తుంటుందిలే అనుకున్నాను...

కట్ట ఏం చేయమంటారని సుగుణ టీచరుకి ఫోన్ చేశాను. ఆవిడ ఒక ఫొటో పంపింది. ఆడపిల్లలంతా వరసగా నిలబడి నవ్వుతున్నారు, నీలం గౌన్లలో. ఎవరైనా కుడితే ఈసారి జేబు కుడివైపు పెట్టమంది. పెన్సిలు తీసుకోవడానికి పిల్లలు అవస్థ పడుతున్నారట. నీకు ఎన్నిసార్లు చెప్పినా వినలేదట. "నా దగ్గరున్న ఆది గౌను అదే, మార్చను" అన్నావట.

కట్ట విప్పాను. అడుగున కొలతకి పెట్టుకున్న ఆది గౌను ఉంది. రెండో తరగతిలో నాకు కుట్టిందే. సుద్ద గీతలతో తెల్లబడిపోయి, అంచులు నలిగిపోయి... ఎడమవైపు జేబుతో.

గౌను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను. అయినా కుళ్ళు పోలేదమ్మా. నా గౌనుని అంతమందికి పంచిపెట్టావు, నాతో ఒక్క మాట అనలేకపోయావా?

మిషను అమ్మనని చెప్పేశాను. నీ దగ్గర నేర్చుకున్న కుట్టే కదా, ఆ గౌన్లు నేనే కుడతాను. జేబులు రెండువైపులా పెడతాను. కుడివైపుది వాళ్ళకి. ఎడమవైపుది మాత్రం నాది, ఎవ్వరికీ ఇవ్వను.

నీ ఎడమచేతి పిల్ల