సీసా మీది జిగురు

స్ఫాక్స్,
1983 సెప్టెంబర్ 4

ప్రియమైన దోర్సాఫ్,

నిన్న ఆసుపత్రి కిటికీలోంచి మొదటి మబ్బు కనబడింది. అందుకే ఈ ఉత్తరం. మీ అమ్మ పోయాక ఇది తొలి వానాకాలం. ఏటా డాబాకు వెల్ల వేసింది తనే. ఈ ఏడు నీ వంతు.

సున్నం బస్తాలు రెండూ మెట్ల కింద ఉన్నాయి. ముందు ఊడ్చు. పావురాల రెట్ట గీకెయ్. వెల్ల వేశాక బావిలోకి దిగే తూముకు గుడ్డ కుక్కు. తొలి వాన డాబాను కడిగి వీధిలోకి పోవాలి. రెండో వానకు గుడ్డ తీస్తే నీళ్లు వానబావిలోకి వస్తాయి. ఏడాదంతా మనమూ, పక్కింటి హఫ్సియా కూడా తాగేది అవే. చూపు ఆనని మనిషి, ఏది చేదితే అది తాగుతుంది.

"రేపు" అనకు. నీ రేపుల సంగతి నాకు తెలుసు.

నా కాలి పుండు మానుతోందట.

మీ అమ్మమ్మ,
మన్నూబియా


జెర్బా,
సెప్టెంబర్ 19

ముద్దుల అమ్మమ్మా,

వెల్ల పూర్తయింది. డాబా ఒలిచిన కోడిగుడ్డులా ఉంది. వానలు పడ్డాయి, బావి సగం నిండింది. హఫ్సియా అత్త, "మీ అమ్మమ్మ ఉంటే ఈపాటికి నన్ను రెండుసార్లు తిట్టేది. చెవులు చప్పబడిపోయాయే పిల్లా!" అంటోంది.

ఏటా దూరాన ఉన్నవాళ్లకు పంపినట్టే, కొత్త నీళ్లు ఒక సీసా టాక్సీ డ్రైవర్‌తో పంపుతున్నాను.

నీ దోర్సాఫ్


స్ఫాక్స్,
సెప్టెంబర్ 24

దోర్సాఫ్,

"ప్రియమైన" అని రాయలేదు, గమనించు.

సీసా చేరింది. దుకాణం నీళ్లు. చీటీ చింపావు, జిగురు వదిలేశావు. అబద్ధాన్ని కూడా సగంలో వదిలేస్తే ఎట్లాగే? పక్క మంచం ఆవిడ "నీళ్లు నీళ్లేగా" అంది. మా నీళ్లకు సున్నం రుచి ఉంటుందమ్మా అన్నాను.

అసలు డాబా ఎక్కావా? అది తర్వాత. ముందు చెప్పు, హఫ్సియా ఏ నీళ్లు తాగుతోంది? ఇది చదివిన నిమిషాన వెళ్లి ఆపు.

మన్నూబియా


జెర్బా,
అక్టోబర్ 9

అమ్మమ్మా,

నీ ఉత్తరం అందిన పొద్దునే హఫ్సియా అత్తను ఖననం చేశారు. ఇన్నాళ్లూ అందుకే రాయలేకపోయాను.

సున్నం బస్తా విప్పాను. డాబా తలుపు తీశాను. తీగ మీద అమ్మ చివరిసారి ఆరేసిన దుప్పటి ఇంకా అలాగే ఉంది. తలుపు మూసేశాను. రేపు ఎక్కుదాం అనుకున్నాను. అలా రోజులు పోయాయి. చివరికి వాన వచ్చింది. తూముకు గుడ్డ కూడా లేదు. రెట్ట, దుమ్ము, అన్నీ బావిలోకే.

నేను దుకాణం నీళ్లు కొనుక్కుని తాగాను. అత్తకు చెప్పాలంటే డాబా సంగతి చెప్పాలి. అది కూడా రేపు చెబుదాం అనుకున్నాను. ఆవిడ బిందెతో వచ్చి, "నీళ్ల వాసన మారిందే... లేక నా ముక్కు కూడా ముసలిదైందా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ వారమే ఆవిడకు విరేచనాలు పట్టుకున్నాయి. మళ్లీ లేవలేదు.

ఊరంతా వయసే కారణమంటున్నారు. ఆవిడ కొడుకు లమీన్ నాకే కుస్కుస్ గిన్నె తెచ్చి, "నీకు మళ్లీ అమ్మ పోయినట్టయింది, చెల్లీ" అన్నాడు. తినలేకపోయాను. చెప్పలేకపోయాను.

బావి మొత్తం తోడేశాను. అరచేతులు బొబ్బలెక్కాయి. అడుగు రుద్ది కడిగాను. దుప్పటి దింపి ఉతికాను. డాబా ఊడ్చి వెల్ల వేశాను. ఇది నిజం.

ఇంకొకటి ఉంది. తిట్టు. వెల్ల తడిగా ఉన్నప్పుడు బూడిదరంగే, ఏమీ వేయనట్టే ఉంటుంది. కాసేపు కూర్చుంటే ఒక మూల నుంచి తెల్లబడుతూ వస్తుంది. అది చూడాలనే ఇంకో వరుస వేశాను. తర్వాత మరొకటి. అమ్మ పోయాక మొదటిసారి ఆకలేసింది. అత్త సమాధి మట్టి ఇంకా ఆరలేదు, నాకు ఈ సంతోషమేమిటి అమ్మమ్మా?

దోర్సాఫ్


స్ఫాక్స్,
అక్టోబర్ 15

ప్రియమైన దోర్సాఫ్,

ఆసుపత్రి వాళ్లు నా కాలు మోకాలి పైదాకా తీసేశారు. నేను ఇక డాబా ఎక్కను. ఆ ఇల్లు నీ చేతుల్లోనే ఉండాలి, అందుకని వెంటనే రాస్తున్నాను.

హఫ్సియాతో నాకు పెళ్లినాటి నుంచీ తగువు. ఇప్పుడు ఎవరితో పోట్లాడను? నీకు చెప్పడానికి నా దగ్గర ఓదార్పు లేదు.

వెల్ల సంగతి మాత్రం విను. మీ అమ్మ కూడా అన్నం మరిచి డాబా మీద కూర్చుని అదే చూసేది. "దిగవే, పని అయిపోయిందిగా!" అని నేను కింద నుంచి కేకలేసేదాన్ని. "అయిపోతోందమ్మా, ఇప్పుడే అవుతోంది" అనేది. ఆ సంతోషం తప్పు కాదు. నీ తప్పుకు అది మాఫీ కూడా కాదు.

జరగాల్సినవి:

1. ఈ ఉత్తరం మడవగానే లమీన్ ఇంటికి వెళ్లు. నీళ్ల సంగతి నీ నోటితో చెప్పు. ఏడవకు. నువ్వు ఏడిస్తే అతనే నిన్ను ఓదార్చాల్సి వస్తుంది.
2. అతను ఏమన్నా నిలబడి విను. పొమ్మంటే ఇంటికి రా.
3. కుంచె కడుగు. సున్నం బిగిస్తే వచ్చే ఏడు పనికిరాదు.
4. తూముకు గుడ్డ కుక్కు.
5. బావిలో కొత్త నీళ్లు తేరాక మొదటి చెంబు నువ్వు తాగు. నీకేమీ కాకపోతే లమీన్ గుమ్మం ముందు ఒక బిందె పెట్టు. పారబోస్తే మళ్లీ పెట్టు.
6. నాకొక సీసా పంపు. జిగురు కడిగి.

మీ అమ్మమ్మ,
మన్నూబియా