నీళ్లలో విప్పిన ఫొటో

అక్కా,

పార్సిల్ విప్పగానే నన్ను తిడతావని తెలుసు. అందుకే ఈ ఉత్తరం పైన పెట్టాను. ముందు ఇది చదువు, తర్వాత తిట్టుకో.

అమ్మది మనకున్నది ఆ ఒక్క ఇన్‌స్టంట్ ఫొటోనే. నెగటివ్ ఉండదు, పాడైతే ఇక అంతే. వెనక అట్ట చెడిపోతోందని, బొమ్మ వరకూ మంచి కాగితం మీదికి ఎక్కించమని నువ్వే పంపావు. "ఒక్క ముడత కూడా పడకూడదు" అని ఫోన్‌లో ఎన్నిసార్లన్నావో! అంచులు కత్తిరించి గోరువెచ్చటి నీళ్లలో వేశాను.

కాసేపటికి బొమ్మ అట్టని వదిలేసింది. పాల మీద మీగడలా, అంత పల్చగా, అమ్మ తేలింది. ఊపిరి బిగబట్టి, కింద కాగితం పెట్టి మెల్లిగా పైకి తీశాను. తడి ఆరకముందే బ్రష్‌తో సర్దితే ముడతలన్నీ పోతాయి. జడ సర్దాను, భుజం సర్దాను. మొహం దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

కళ్ల పక్కన సన్నటి గీతలు. నవ్వు చుట్టూ ముడతలు. ముప్ఫై దాటకుండానే పోయిన మన అమ్మ, నా కళ్లముందే ముసలిదైంది అక్కా! ఇంకొక్కసారి బ్రష్ పెడితే మళ్లీ మనకంటే చిన్నదైపోతుంది. నావల్ల కాలేదు. అలాగే ఆరబెట్టేశాను.

ఇంకా కోపం తగ్గకపోతే, అమ్మని అద్దం పక్కన పెట్టి ఒక్కసారి నీ మొహం చూసుకో.

తిట్ల కోసం ఎదురుచూస్తూ,
నీ చెల్లి