అమ్మ అడిగిన కొసరు

పటమట, మంగళవారం

అమ్మా, నేను కులాసా. ఫోన్లో చెప్పడానికి నోరు రాక కార్డు రాస్తున్నాను. నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ పరీక్ష తప్పాను. మళ్లీ రాయాలంటే పాతిక వేలు. నీ గాజులు మాత్రం తాకట్టు పెట్టకు.

కోచింగ్ ఫీజు కట్టిన రోజు, నీ చేపల గంప దగ్గర అందరూ అడిగినట్టే, "ఇంత కట్టాం, కొసరేం ఇస్తారండీ" అని కోచింగ్ సెంటర్ గంగాధర్ సార్‌ని అడిగావు. నేను సిగ్గుపడి దూరంగా జరిగాను. నిన్న గంగాధర్ సార్ పిలిచి, "రెండోసారి ఫీజు మేమే కడతాం. మీ అమ్మగారు అడిగిన కొసరు ఇదేనమ్మా" అన్నారు.

నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? నమస్కారాలు చెప్పు. ఆదివారం వచ్చేటప్పుడు సార్ వాళ్లకు ఎండు రొయ్యలు తీసుకురా. ఈసారి నువ్వేం అడిగినా నీ పక్కనే నిలబడతాను.

నీ రుచిత